ఎర్రగుడ్డ పీలికలు

మొన్న తొలకరి పడిన నాలుగో రోజున, పదవీ విరమణ చేసిన మేం నలుగురు టీచర్లం ఉబుసుపోక ఒక ఆటో మాట్లాడుకుని నస్రుల్లాబాద్ అవతల ఉన్న రక్షిత అడవిని చూడబోయాం. గేటు దగ్గర రంగుల బోర్డు, లోపల నడవడానికి రాళ్లు పరిచిన బాట, ఆ బాట పక్కన మోదుగ చెట్ల కింద ముగ్గురు కాలేజీ పిల్లలు గొంతుక్కూర్చుని నేలలో గ్లాసులు పాతుతున్నారు. తెల్లని ప్లాస్టిక్ గ్లాసు అంచు నేలకు సమంగా వచ్చేలా మట్టి సర్ది, వాన పడకుండా పైన నాలుగు పుల్లల మీద మూత నిలబెట్టి, పక్కనే పసుపుపచ్చని చిన్న జెండా గుచ్చుతున్నారు. ఏంటమ్మా ఇదని మాలో ఒకావిడ అడిగితే, ఈ అడవిలో నేల మీద తిరిగే పెంకు పురుగులు ఎన్ని రకాలున్నాయో లెక్క తీస్తున్నామని ఒక అమ్మాయి ఫోనులో పాట ఆపకుండానే చెప్పింది. మావాళ్లు ముందుకు నడిచారు గానీ నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. అరవై దాటిన మనిషిని, పట్టపగలు, ముగ్గురు పిల్లల పక్కన నిలబడి ఉన్నదాన్ని, నాకు అరచేతులు చెమట పట్టాయి.

ఎందుకు పట్టాయో ఆ పిల్లలకు చెబితే అర్థం కాదు. తొంభైల మొదట్లో ఈ ప్రాంతంలో ఉన్న మీకైతే సగం చెప్పగానే తెలుస్తుంది. అప్పట్లో ఈ అడవిలో నేల తవ్విన గుర్తు కనబడితే చాలు, మనుషులు చుట్టూ తిరిగి పోయేవారు. సాయంత్రం బస్సు తప్పితే ఇంటికి వెళ్లడం కంటే బాన్సువాడలో చుట్టాలింట పడుకోవడం నయమనుకునేవాళ్లం. అన్నలు, అదే నక్సలైట్లు, వచ్చి అన్నం అడిగితే పెట్టాలి, పెట్టారని తెలిసి పోలీసులు వచ్చి అడిగితే సమాధానం చెప్పాలి, ఆ సమాధానం ఏం చెప్పారని మళ్లీ అన్నలు అడుగుతారు. మాది కోస్తా నుంచి వచ్చి నిజాంసాగర్ కాలువ కింద భూములు కొనుక్కున్న కుటుంబం. క్యాంపు అని పిలిచే మా వలసవాళ్ల ఊళ్లో పెద్దవాళ్లు వరినాట్ల గురించి ఎంత గట్టిగా మాట్లాడేవాళ్లో, అడవి గురించి అంత మెల్లగా మాట్లాడేవాళ్లు.

అలాంటి రోజుల్లో నేను అడవిలో డబ్బాలు పాతే ఉద్యోగంలో చేరాను. చేరడానికి కారణం నా ధైర్యమని ఎవరైనా అనుకుంటే వాళ్లకో దండం. నేను జంతుశాస్త్రంలో డిగ్రీ పాసయిందే బొద్దింకను ముట్టుకోకుండా. పక్క అమ్మాయి కోస్తుంటే చూసి బొమ్మ వేసేదాన్ని, నా బొమ్మకు దానికంటే ఎక్కువ మార్కులు వచ్చేవి. పురుగుల మీద పరిశోధన చేస్తున్న ఒక సారు నా బొమ్మలు, చేతిరాత చూసి, ఏడాదిపాటు లెక్కలు రాసిపెట్టే పని ఇచ్చారు. అడవి నేల మీద ఏయే పెంకు పురుగులు బతుకుతున్నాయి, వాటిలో ఏవి పొలాల్లోకి వచ్చి వరిని తినే పురుగులను తిని పోతున్నాయి, ఇదీ ఆయన తెలుసుకోవాలనుకున్నది. రక్షిత అడవి కాబట్టి ఒక్క పురుగునూ చంపకూడదన్న షరతు మీద అనుమతి ఇచ్చారు. అందుకని ఖాళీ పాలపొడి డబ్బాలు నేలలో దించి, పొద్దున్నే వెళ్లి అందులో పడినవాటిని చూసి, బొమ్మ గీసుకుని, లెక్క రాసుకుని, బతికుండగానే వదిలేయాలి. ఇంట్లో మాత్రం సారు ఆఫీసులో కూర్చుని పురుగుల పేర్లు రాస్తున్నానని చెప్పాను. అడవికని తెలిస్తే మా నాన్న గడప దాటనిచ్చేవారు కాదు.

పురుగులను చేత్తో తీసే పని నాకు తోడుగా వచ్చే అక్కది. అడవి అంచున ఉన్న తండా మనిషి, నాకంటే పదేళ్లు పెద్ద. సొంత అక్క కాదు గానీ అంతకంటే ఎక్కువగా కోప్పడేది. నేను నోట్‌బుక్కు పట్టుకుని రెండడుగుల దూరంలో నిలబడితే, తను డబ్బాలో చెయ్యి పెట్టి ఒక్కొక్కదాన్నే బయటికి తీసి చూపించేది. ఎన్ని రకాలని చెప్పను. మెడ పొడుగ్గా ఉండి చీమలా పరిగెత్తే ఎర్రటిది ఒకటి, ఆకుపచ్చగా మెరుస్తూ ఆసుపత్రి వాసన కొట్టేది ఒకటి, పట్టుకుంటే టప్పుమని వెనకనుంచి పేలి వేలి మీద గోధుమరంగు మరక చేసేది ఒకటి, పట్టకారులాంటి దవడలతో డబ్బా అడుగున మట్టి తవ్వుకునేది ఇంకొకటి. వాగు ఒడ్డున పడేవి రాళ్ల మీద పడేవి కావు, టేకాకుల కింద దొరికేవి గడ్డిలో దొరికేవి కావు. పొలం గట్టుకు దగ్గరయ్యేకొద్దీ రకాలు తగ్గి, ఒకే రకం ఎక్కువగా పడేది. బొమ్మలు గీసి గీసి నాకు వాటిమీద ఒకలాంటి ఇష్టం కూడా పుట్టింది, దూరంనుంచే.

అన్నిటికంటే నాకు హడలు ఆరు చుక్కల పురుగంటే. బొటనవేలంత నల్లటి ఒళ్లు, వీపు మీద సున్నం బొట్లు పెట్టినట్టు ఆరు తెల్లని చుక్కలు. కోపం వస్తే వెనకనుంచి మంటపుట్టే నీళ్లు చిమ్ముతుంది, గురి తప్పదు. అక్క దాన్ని నడుము దగ్గర రెండు వేళ్లతో పట్టి, వెనక భాగం అవతలికి తిప్పి, ప్రతిసారీ నాకు అదే పాఠం చెప్పేది.

“గిదాన్ని మొకం కాడికి తేవద్దు చెల్లె. దూరం వట్టుకోవాలె. కండ్లళ్ల గొట్టిందంటే ఇగ గంతే.”

నేనెందుకు పట్టుకుంటానులే అక్కా అని నవ్వేదాన్ని.

ఇక ఎర్రగుడ్డ సంగతి. మొదటి వారంలోనే మా డబ్బాలు మాకే దొరకలేదు. ఆకులు రాలి మూతలు కప్పేస్తే, ఎక్కడ పాతామో తెలియక అరపూట వెతికేవాళ్లం. పచ్చటి అడవిలో దూరానికి కనబడేది ఎరుపే కదా, డబ్బా పక్కన పుల్లకు ఎర్రగుడ్డ కడదామని నేనన్నాను. అక్క మర్నాడు తన పాత పేటియాను, అదే, వాళ్లు కట్టుకునే అద్దాల లంగాను, చింపి పీలికలు చేసి తెచ్చింది. కొన్ని పీలికలకు అద్దంముక్కలు కూడా అలాగే ఉండిపోయాయి, పొద్దుటి ఎండకు అవి తళుక్కుమంటుంటే డబ్బాలు వెతుక్కునే బాధే లేకపోయింది. ఆ కాలంలో, ఆ అడవిలో, నేలలో పాతిన రేకు డబ్బా పక్కన ఎర్రగుడ్డ కట్టడమంటే ఏమిటో మా ఇద్దరికీ తట్టలేదు. చదువుకున్నదాన్ని నేను, తట్టాల్సింది నాకు.

తొలకరి తర్వాత ఒక ఉదయం నేను కాలువ గట్టు మీదికి వచ్చేసరికి అక్క అక్కడే కూర్చుని ఉంది. కట్టెల కోసం వెళ్లిన బండివాడెవడో ఆ పీలికలు చూసి, ఒకటి విప్పుకుపోయి ఠాణాలో చెప్పాడట. మందుపాతరలు పెట్టారంటూ ముందురోజు పోలీసులు తండా మీదికి వచ్చారట. అద్దంముక్క ఉన్న పీలిక చూపించి, ఇది ఎవరి పేటియాదని ఆడవాళ్లందరినీ నిలబెట్టి అడిగారట. ఆ కుట్టు ఎవరిదో తండాలో ప్రతి ఆడదానికీ తెలుసు, ఒక్కరూ నోరు విప్పలేదు. చివరికి అక్క భర్త, నేను బావా అని పిలిచే మనిషి, ముందుకు వచ్చి డబ్బాలు తనే పెట్టానన్నాడు. ఆయన ఒక్క డబ్బా అయినా పాతలేదు, పురుగుల పని చేస్తున్నామంటే మా ఇద్దరినీ చూసి నవ్వే మనిషి. ఎందుకు పెట్టావంటే పురుగుల కోసమన్నాడట. ఠాణాకు తీసుకుపోయారు.

“నీ పేరు చెప్పలే, నా పేరు చెప్పలే. సారు కాడ కాయిదం ఉందంటివి గద, తెచ్చి సూపియ్యి చెల్లె,” అంది అక్క.

కాగితం సారు దగ్గర ఉంది. సారు శిక్షణ తరగతులకని హైదరాబాదు వెళ్లి పది రోజులకు గాని రారు. అనుమతి ఇచ్చిన అటవీ అధికారికి బదిలీ అయింది, కొత్తాయన ఇంకా చేరలేదు. ఆ మాటలన్నీ చెప్పి, నువ్వు ఇంటికి వెళ్లక్కా నేను ఏదో ఒకటి చేస్తానని ఆమెను పంపించి, నేను చేసిందేమిటంటే ఇంటికి తిరిగివచ్చి జ్వరమని చెప్పి దుప్పటి కప్పుకుని పడుకోవడం.

ఆ రోజు గురించి ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకు కూడా. జ్వరం మాత్రం లేదు. ఠాణాకు వెళితే డబ్బాలు నీవేనా అంటారు, నావే అంటే నన్ను లోపల కూర్చోబెడతారు, ఆడపిల్ల ఠాణాలో కూర్చుందంటే క్యాంపులో మా అమ్మానాన్నలు తలెత్తుకోలేరు. ఠాణాకు వెళ్లి ఏదో చెప్పొచ్చిందని తెలిస్తే అన్నలు ఇన్‌ఫార్మరంటారు, అప్పుడేమవుతుందో మీకు తెలుసు. ఈ లెక్కంతా దుప్పటి కింద పడుకుని వేశాను. బావ అక్కడ ఎలా ఉన్నాడన్నది మాత్రం ఆలోచన రాగానే పక్కకు తోసేశాను. మధ్యాహ్నం అమ్మ మిరియాల కషాయం తెస్తే తాగాను కూడా.

మర్నాడు పొద్దున నాన్న కాఫీ తాగుతూ, అడవిలో మందుపాతరలు పెట్టిన తండావాణ్ని ఇవాళ జీపులో తీసుకెళ్తారట, డబ్బాలు చూపించడానికి, అని అమ్మతో అంటుంటే విన్నాను. జీపులో అడవికి తీసుకెళ్లిన మనిషి గురించి తర్వాత పేపర్లో ఎన్‌కౌంటరని వస్తుందని మా తరానికి వేరే చెప్పక్కర్లేదు. దుప్పటి తీసి నాన్న ముందుకు వెళ్లి నిలబడి, ఆ డబ్బాలు నావి నాన్నా అన్నాను. నాన్న కోపిష్టి. కొడతారనుకున్నాను. ఆయన గ్లాసు కింద పెట్టి, లోపలికి వెళ్లి ఉతికిన పంచె కట్టుకుని వచ్చి సైకిలు తీశారు. నేను వెనక కూర్చున్నాను కాబట్టి ఠాణా చేరేసరికి ఆయన చొక్కా వీపంతా చెమటతో తడిసిపోవడం చూశాను.

ఠాణాలో పోలీసు అధికారి ముందు నాన్న చేతులు కట్టుకుని నిలబడ్డారు.

“మా అమ్మాయి పురుగుల్ని లెక్కపెడుతుందండి. చదువుకు సంబంధించిందండి,” అన్నారు. నాన్నకు అంతకంటే తెలియదు.

నేను రుజువుగా నా నోట్‌బుక్కు బల్లమీద పెట్టాను. పెట్టినప్పుడు ఎంత తెలివైన పని చేశాననుకున్నానో. ఆయన పేజీలు తిప్పుతూ తిప్పుతూ ఒకచోట ఆగాడు. అడవి బాట, వాగు, గుట్ట, వాటి మధ్య ఒకటి నుంచి ఇరవై నాలుగు వరకు అంకెలు వేసిన చుక్కలు, నా అందమైన చేతిరాతలో. డబ్బాలు ఎక్కడెక్కడ ఉన్నాయో గీసుకున్న పటం అది. ఆయన మొహంలో అప్పటిదాకా ఉన్న కాస్త మెత్తదనం కూడా పోయింది. పక్కన నిలబడ్డ నాన్న ఆ పటం చూసి కళ్లు మూసుకున్నారు. విడిపించడానికి వచ్చి నేనే ఉరితాడు పేని ఇచ్చానని నాకు అప్పుడు అర్థమైంది.

“పురుగులే అయితే నువ్వే తీసి సూపియ్యి,” అన్నాడు అధికారి.

జీపును అడవికి చాలా ఇవతలే ఆపేశారు. బావను కూడా దించారు. నన్ను చూసి ఆయన మొహం తిప్పేసుకున్నాడు, నేనెవరో తెలియనట్టు. చొక్కా ఎడమ భుజం మీద రక్తం మరక ఎండి ఉంది. పోలీసులు బాట మీద కాకుండా చెట్లలోంచి, ఒకరికొకరు బాగా ఎడంగా నడిచారు. నన్ను మాత్రం అందరికంటే ముందు, బాట మీద నడవమన్నారు. నా వెనక నాన్న రాబోతే ఆపేశారు. పొద్దుటి ఎండలో ఏడో నంబరు డబ్బా పక్కన పీలిక మీది అద్దంముక్క మెరుస్తోంది. అందరూ చెట్ల వెనక్కు వెళ్లారు. ఒక కుర్ర కానిస్టేబులు నేలమీద బోర్లా పడుకుని రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. వాడు నాకంటే ఎక్కువ భయపడుతున్నాడని చూసి నాకు ధైర్యం రాలేదు, ఇంకా భయమేసింది. అందులో మందుపాతర లేదని నాకు తెలిసినా, వాళ్లందరి భయం చూసేసరికి, ఎవరికి తెలుసు, ఈ రెండు రోజుల్లో ఎవరైనా నా డబ్బా తీసి వేరే డబ్బా పెట్టారేమో అనిపించింది.

మూత తీశాను. లోపల ఆకు కింద ఏదో కదిలింది. అక్క లేదు. ఎప్పుడూ రెండడుగుల దూరంలో నిలబడే నేను మోకాళ్ల మీద కూర్చుని డబ్బాలో చెయ్యి పెట్టాను. గట్టి కాళ్లు నా వేళ్ల మీద గీరాయి. పట్టుకుని పైకి తీస్తే ఆరు తెల్లని చుక్కలు. దూరం పట్టుకోవాలని అక్క చెప్పిన మాట ఆ క్షణంలో ఎక్కడికి పోయిందో తెలియదు, చుక్కలు అందరికీ కనబడాలని దాన్ని నా మొహం పక్కన ఎత్తి పట్టుకున్నాను.

పచ్చిమిరపకాయ పిండినట్టు కుడికంట్లో మంట. కెవ్వున కేక వేసి వెనక్కు పడ్డాను. తుపాకుల చప్పుడు, అంటే పేల్చింది కాదు, గురి పెట్టినప్పటి చప్పుడు, నా చుట్టూ వినబడింది. అప్పుడు బావ అరిచాడు.

“కొట్టకుండ్రి సారూ! పురుగే! నీళ్లు వొయ్యుండ్రి పొల్ల కండ్లళ్ల!”

ఆ పురుగు ఎండుటాకుల మీద టకటకా పరిగెత్తి, బోర్లా పడుకున్న కానిస్టేబులు మొహం ముందునుంచి పోయిందని, వాడు లేచి పెద్దగా నవ్వాడని తర్వాత నాన్న చెప్పారు. నేను చూడలేదు. ఎవరో తన సీసాలో నీళ్లన్నీ నా కంట్లో పోశారు. ఆ తర్వాత మిగతా డబ్బాలన్నీ నాచేతే తీయించారు, ఒక్క కంటితో చూస్తూ తీశాను, భయం తెలియలేదు. మధ్యాహ్నానికి బావను వదిలేశారు. నోట్‌బుక్కు మాత్రం తిరిగి ఇవ్వలేదు. ఆ ఏడాది బొమ్మలన్నీ, అన్ని రకాల లెక్కలూ దాంతోనే పోయాయి.

నా కన్ను వారంలో బాగైంది. బావ ఎడమ చెవి బాగవలేదు. బాన్సువాడ దవాఖానలో చూపిస్తే పొర చిరిగిపోయిందన్నారు. చెంపదెబ్బ పడింది మొదటి రోజు కాదట, రెండో రోజు మధ్యాహ్నమట. అంటే నేను దుప్పటి కింద కషాయం తాగుతున్న వేళ. ఆ సంగతి అక్క మామూలుగా, ఇంకేదో చెబుతూ మధ్యలో చెప్పింది. నాకు మాత్రం ఆ మాట ఈనాటికీ ఆగకుండా వినబడుతూనే ఉంది. సారు వచ్చి పని ఆపేశారు. నేను టీచరునయ్యాను, పెళ్లయింది. రెండువేల సంవత్సరం దాటాక తండాకు రోడ్డు పడింది, అడవిలో మునుపటి భయాలు ఒక్కొక్కటిగా సద్దుమణిగాయి. ఏడాదికొకసారైనా అక్కను చూసి వచ్చేదాన్ని, ఆ ఒక్క రోజు మాట మాత్రం ఎత్తేదాన్ని కాదు.

మొన్న ఆ పిల్లల గ్లాసుల్లోకి వంగి చూశాను. చీమలు, ఒక సాలీడు, ఏ చుక్కా లేని నల్ల పురుగు ఒకటి. ఆరు చుక్కల పురుగు పడిందా అని అడిగితే, అది ఫొటోలో చూశామన్నారు. మావాళ్లను ఆటోలో వెళ్లిపొమ్మని నేను నడుచుకుంటూ తండాకు పోయాను. బావ అరుగు మీద ఎండకు కూర్చుని ఉన్నాడు, అక్క బియ్యంలో రాళ్లు ఏరుతోంది. నేను బావ పక్కన కూర్చుని, పిల్లల గ్లాసుల సంగతి చెబుతూ చెబుతూ, ఎలా వచ్చిందో ఆ మాట నోటికి వచ్చేసింది. నాకు ఆ పొద్దున్నే తెలుసు బావా, భయపడి ఒక రోజంతా ఇంట్లో దాక్కున్నాను, ఆ రోజే వచ్చి ఉంటే నీ చెవి ఉండేది అన్నాను. బావ వాకిలి వంక చూస్తూ కూర్చున్నాడు. నేను కూర్చున్నది ఆయన ఎడమ పక్కన.

అక్క చేట మీదనుంచి చేతులు తీయకుండానే అంది.

“నాకు ఎర్కనే చెల్లె. నువ్వు పొమ్మంటే నేను ఇంటికి పోలే. ఆ దినం పొద్దుగూకే దాంక మీ ఇంటెదురు కాలువ గట్టు మీదనే కూసున్న, నువ్వు ఎప్పుడెల్తవో అని. మీ తలుపు తెరుచుకోలే.” ఒక రాయి ఏరి పారేసి, “ఆయనకు చెప్పలే. చెప్తనంటే అటు దిక్కు కూసొని చెప్పు, గా చెవు ఇనొస్తది,” అంది.

ముప్పై ఏళ్లకు పైగా ఆమె అది తెలిసే నాకు మజ్జిగ ఇచ్చింది, నా పిల్లలను ఎత్తుకుంది. నేను లేచి బావ కుడిపక్కకు వెళ్లి కూర్చున్నాను. చెవి దగ్గరికి వంగాను. ఆ రోజు ఏడో డబ్బా మూత తీసినప్పటి భయమే మళ్లీ పట్టుకుంది.

“ఇప్పుడు పసుపు జెండాలు పెడుతున్నారు బావా,” అని మాత్రం అన్నాను.

“మంచిగ చేసిండ్రు,” అన్నాడాయన నవ్వి.

అక్క తలెత్తి నా వంక ఒకసారి చూసి మళ్లీ రాళ్లు ఏరుకుంది. ఆ అడవికి ఇప్పుడు టిక్కెట్టు కొనుక్కుని పిల్లలతో వెళుతున్నారు, నేలలో డబ్బా కనబడితే పక్కన నిలబడి ఫొటో తీసుకుంటున్నారు, అది చూసి నాకు నిజంగా సంతోషమే. తుపాకులు పోయాయి, అనుమానాలు పోయాయి, మేం లెక్కపెట్టిన ఆ రకరకాల పురుగుల్లో చాలావరకు వాటితో పాటే ఎటో పోయినట్టున్నాయి. ఆ రోజు దుప్పటి కింద పడుకున్న పిల్ల మాత్రం ఎక్కడికీ పోలేదు, సాయంత్రం బస్సులో నాతోపాటే ఇంటికి వచ్చింది.